యాంటీబయాటిక్ లేకుండా ఒక వనామీ పంట: నా అనుభవం

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. సొంత చెరువు ఒకటి, లీజు చెరువు ఒకటి, రెండింట్లోనూ వనామీ రకం రొయ్యే. మేత, ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు), చెరువు మీద కుర్రాళ్లు మా ఆయన వంతు. లెక్కలు, ల్యాబ్ కాగితాలు, మందుల బిల్లులు నా వంతు. 2025 వేసవి పంటని ఒక్క యాంటీబయాటిక్‌ని కూడా గట్టు ఎక్కనివ్వకుండా తీసి, పట్టుబడికి ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్‌లో పరీక్ష చేయించాం. అదెలా చేశారు, ఎంత నష్టపోయారు అని చుట్టుపక్కల వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. రెండో ప్రశ్నే ఎక్కువమంది అడుగుతారు.

ముందే చెప్పేస్తాను, ఇదేదో ఆదర్శం కోసం మొదలుపెట్టింది కాదు. ఆ ఏప్రిల్‌లో అమెరికా సుంకాల వార్త రాగానే ఇక్కడ రొయ్య రేటు పడిపోయింది. యూరప్‌కి పంపే సరుకైతే కాస్త నిలకడగా కొంటామని, కాకపోతే పట్టుబడి ముందు పరీక్ష కాగితం కావాలని మా ఏజెంటు చెప్పాడు. యూరప్ వాళ్లకి మన రొయ్య మీద నమ్మకం తక్కువ. అంతకుముందు పదింట ఒక కన్సైన్‌మెంట్‌ని తనిఖీ చేసేవాళ్లు, 2016లో దాన్ని సగానికి సగం చేశారు. అందులో ఒకదాంట్లో యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. కంటైనర్ వెనక్కి వచ్చిన కంపెనీ తర్వాత ఏ రైతు మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. చెరువు సర్వే నంబరు, లీజు పత్రం, ఆధార్ పట్టుకెళ్తే ఎంపెడాలో మా చెరువుల్ని ఎన్‌రోల్ చేసి నంబరు ఇచ్చారు. ఆ నంబరు లేకపోతే శాంపిల్ తీసుకోరు. లీజు చెరువుకి అసలు యజమాని సంతకం కోసం తిరగడమే విసుగు, ఆయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు.

అసలు జాగ్రత్త సీడ్ దగ్గర, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్ల దగ్గర మొదలవ్వాలి. వనామీ తల్లి రొయ్యలు ఎక్కువగా బయటి దేశాల నుంచి వచ్చి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండి, అక్కడ పరీక్షలయ్యాకే పిల్లల్ని పుట్టించే హ్యాచరీలకి వెళ్తాయి. అంతవరకూ పకడ్బందీగానే ఉంటుంది. ఆ తర్వాత హ్యాచరీ ట్యాంకుల్లో పిల్ల చచ్చిపోకుండా ఎవరేం కలుపుతున్నారో మనకి తెలియదు. సీడ్ కొనేటప్పుడు అందరూ వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్య రోగాలకి పీసీఆర్ రిపోర్టులు అడుగుతారు. నేను వాటితో పాటు యాంటీబయాటిక్ రెసిడ్యూ (ఒంట్లో మిగిలిన మందు ఆనవాళ్లు) రిపోర్టు కూడా అడిగాను. ఫోన్‌లో అవతలి అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. "అది ఎవరూ అడగరండి" అన్నాడు. రెండు మూడు హ్యాచరీలు మారాక ఒకరు ఇచ్చారు. పిల్లకి నాలుగు పైసలు ఎక్కువ.

మొదటి నెల ఎప్పటిలాగే గడిచింది. నెలన్నర దగ్గర పడుతుండగా ఒక పొద్దున మా ఆయన ఫోన్ చేసి లీజు చెరువు దగ్గరికి రమ్మన్నారు. గాలి వాలు మూలన, గట్టుని ఆనుకుని నీటి మీద తెల్ల దారాలు తేలుతున్నాయి. రొయ్యల రెట్ట అది, వైట్ గట్ అనే పేగు రోగం గుర్తు. మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే వేసిన మేత సగం అలాగే ఉంది. ట్రేలో రొయ్యని వెలుగుకి ఎత్తి చూస్తే, నిండుగా నల్లగా ఉండాల్సిన పేగు అక్కడక్కడా తెగి, మధ్యలో పాలిపోయి కనిపించింది. తల దగ్గర లివర్ కూడా కుంచించుకుపోయి ఉంది. రొయ్యలు పెంచేవాళ్లకి ఆ దృశ్యం చూస్తే వచ్చే టెన్షన్ ఏంటో తెలుసు. ఆ రోజు నుంచి మేత కంటే అప్పు ఎక్కువ గుర్తొస్తుంది.

మేం ఎవరికీ చెప్పకముందే మందుల షాపు టెక్నీషియన్ వచ్చేశాడు. మేత తగ్గిందని షాపులో లెక్క చూస్తేనే తెలిసిపోతుంది కదా. బండి డిక్కీలోంచి వెండి రంగు ప్యాకెట్ తీశాడు.

"మేడమ్ గారూ, ఇది గట్ ప్రోబయోటిక్ అండి. మేతకి పట్టించి వేయండి, మూడో రోజుకి దారాలు ఆగిపోతాయి."

ప్యాకెట్ తిప్పి చూశాను. ముందు పెద్ద రొయ్య బొమ్మ, వెనక మోతాదు. లోపల ఏముందో ఎక్కడా లేదు. బ్యాచ్ నంబరు చెరిగిపోయి ఉంది.

"ఇందులో ఏముందండీ?"

"కంపెనీ ఫార్ములా అండి. మాక్కూడా చెప్పరు."

"సరే, యాంటీబయాటిక్ లేదని బిల్లు మీద రాసిస్తారా?"

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఏరియేటర్ వైపు చూశారు. ప్యాకెట్ మళ్లీ డిక్కీలోకి వెళ్లింది. "మీ ఇష్టం అండి. తర్వాత ఏదన్నా అయితే నన్ను అడక్కండి" అని వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రైతులు తెలియక యాంటీబయాటిక్స్ వాడుతున్నారు, అవగాహన కల్పించాలి అని మీటింగుల్లో చెబుతుంటారు. తెలియక కాదు. మేతా మందులూ పట్టుబడి దాకా అరువు మీద ఇచ్చేది ఆ షాపే. అతను ఇచ్చిన ప్యాకెట్ వద్దంటే పాత ఖాతా గుర్తొస్తుంది. మాకూ అదే అయింది, ఆ వారంలోనే బాకీ తేల్చమని ఫోన్. నా గాజులు బ్యాంకులో పెట్టి తేల్చాం. గాజులు లేని వాళ్లు ప్యాకెట్ తీసుకుంటారు, వాళ్లని నేను తప్పు పట్టలేను. ఆ టెక్నీషియన్ కుర్రాడిని కూడా పెద్దగా అనలేను, అతనికి జీతం కంటే కమీషన్ ఎక్కువ.

అదే రోజు నీళ్లు, కొన్ని రొయ్యలు ఐస్‌పెట్టెలో పెట్టుకుని భీమవరంలో ఒక ప్రైవేటు ఆక్వా ల్యాబ్‌కి వెళ్లాను. నీటిని టీసీబీఎస్ అనే ఆకుపచ్చ జెల్లీ ప్లేటు మీద పూసి ఒక రాత్రి ఉంచితే విబ్రియో బ్యాక్టీరియా కాలనీలు చుక్కల్లా లేస్తాయి. కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ. ఆకుపచ్చవి ఎక్కువైతే మన వాళ్లు భయపడతారు. మా ప్లేటులో రెండూ ఉన్నాయి, ఆకుపచ్చ బాగానే ఉంది. పీసీఆర్‌లో ఈహెచ్‌పీ కూడా పాజిటివ్. సీడ్ రిపోర్టులో నెగెటివ్ వచ్చింది కానీ చెరువు అడుగు మట్టిలో పాత పంట నుంచి మిగిలి ఉండొచ్చు అంది ల్యాబ్ అమ్మాయి.

ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు. బూజు జాతికి దగ్గరి సూక్ష్మజీవి, లివర్ కణాల్లో దూరి కూర్చుంటుంది. దానిమీద ఏ యాంటీబయాటిక్కూ పని చేయదు. వైట్ స్పాట్ అయితే వైరస్, దానిమీదా పని చేయదు. అంటే ఆ వెండి ప్యాకెట్ వేసి ఉంటే విబ్రియో కొద్ది రోజులు తగ్గి, దారాలు ఆగి, మందు పని చేసిందని మేం అనుకుని ఉండేవాళ్లం. అసలు రోగం లోపల అలాగే ఉండేది.

ఆ అమ్మాయి నాకు ఇంకో ప్లేటు చూపించింది. "ఆంటీ, ఇది మీది కాదు, వేరే చెరువుది. ఎవరిదని అడక్కండి" అంటూనే మూత తీసింది. పలచని పసుపు జెల్లీ మీద బ్యాక్టీరియా పొరలా పరుచుకుని ఉంది. దానిమీద గుండీల కంటే చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కోదానికి ఒక్కో యాంటీబయాటిక్ పట్టించారు. మందు పని చేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా చచ్చిపోయి ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఒక బిళ్ల చుట్టూ వేలెడు వలయం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల చుట్టూ గీత గీసినంత. ఆక్సీటెట్రాసైక్లిన్ బిళ్ల చుట్టూ ఏమీ లేదు. పొర నేరుగా బిళ్ల అంచుదాకా వచ్చి ఆనుకుని పెరిగింది, కింద మందు ఉందన్న సంగతే తెలియనట్టు. "ఆ రైతు ఇంకా అదే వేస్తున్నాడు ఆంటీ, డోసు పెంచి" అంది.

ఆ టెట్రాసైక్లిన్ల కథకీ మా భీమవరానికీ చుట్టరికం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది ఇక్కడే, 1895లో. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకి ఆయన అధిపతిగా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త అక్కడ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది అదే, 1948లో బయటికొచ్చింది. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే పోయారు. తర్వాత అదే కంపెనీలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూస్తే, అవి మామూలు కంటే వేగంగా బరువు పెరిగాయి. మేతలో యాంటీబయాటిక్ కలపడం లోకమంతా పాకింది అక్కడి నుంచే. ఆయన బతికి ఉంటే ఏమనేవారో మనం ఊహించి ఆయన నోట్లో మాటలు పెట్టకూడదు కానీ, సొంత ఊరి చెరువు ప్లేటులో ఆ జాతి మందు బిళ్ల అలా పడి ఉండటం మాత్రం నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

సరే, ప్యాకెట్ లేకుండా మేం ఏం చేశామంటే, చేసినవన్నీ పాత పనులే. మేత బాగా తగ్గించేశాం, ఒక రోజు పూర్తిగా ఆపాం. అడుగున పేరుకున్న నల్ల బురదని మోటారు పెట్టి లాగించాం. ఏరియేటర్లు రాత్రి పూట ఒక్కటి కూడా ఆపలేదు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైమే రొయ్యకి గండం. బెల్లం, తవుడు, బాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి చల్లాం. ఆ బాసిల్లస్ కూడా పేర్లు, లెక్కలు ప్యాకెట్ మీద ఉన్నదే కొన్నాను, బిల్లుతో సహా. సున్నం, మినరల్స్ మామూలే. కొంత రొయ్యని ముందే పాక్షికంగా పట్టించి చెరువులో బరువు తగ్గించాం. దారాలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. సొంత చెరువు మాత్రం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. నేను నిద్రపోయిన రాత్రులు తక్కువే.

పట్టుబడికి ముందు ఎంపెడా మనిషి వచ్చాడు. విసురు వలతో చెరువు నాలుగు పక్కలా తీయించి, కలిపి, సంచిలో వేసి, ఐస్‌లో పెట్టి సీలు వేశాడు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ రాసి మా ఆయన సంతకం తీసుకున్నాడు. ల్యాబ్‌లో చూసేది ముఖ్యంగా రెండు రకాల మందుల కోసం, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు. రొయ్య మాంసాన్ని మెత్తగా చేసి, ద్రావకంతో సారం తీసి, చిన్న చిన్న గుంటలున్న పలకలో వేస్తారు. ఎలీసా అంటారు. రంగు బాగా వస్తే మందు లేనట్టు, రంగు వెలిసిపోతే మందు ఉన్నట్టు. నాకు ముందు ఇది తిరకాసుగా అనిపించింది. గుంటలో ఉన్న చోటు కోసం రొయ్యలోని మందూ, రంగు తెచ్చే రసాయనమూ పోటీ పడతాయట, మందు ఎక్కువైతే రంగుకి చోటు ఉండదు. పాజిటివ్ వస్తే దాన్ని ఇంకా పెద్ద యంత్రం మీద పెట్టి ఖాయం చేసుకుంటారు.

నైట్రోఫ్యూరాన్ అసలు మందు రొయ్య ఒంట్లో కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది. దాని ముక్కలు మాత్రం మాంసానికి అతుక్కుని వారాల తరబడి ఉంటాయి, అందుకని వెతికేది ఆ ముక్కల్ని. "పట్టుబడికి పది రోజుల ముందు ఆపేస్తే దొరకదు" అని షాపుల్లో చెప్పే మాట ఈ మందు విషయంలో ఉత్తదే. యూరప్ వాళ్ల గీత కూడా 2022 నవంబరు నుంచి ఇంకా కిందికి దిగింది. కిలో మాంసంలో క్లోరాంఫెనికాల్ 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ ముక్కలు 0.5 మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షల వంతు మైక్రోగ్రాము, క్లోరాంఫెనికాల్‌కైతే మళ్లీ అందులో దాదాపు ఏడో వంతు. ఇక్కడ కూడా 2025 మార్చిలో కేంద్రం, తిండి కోసం పెంచే జీవాలకి వాడేందుకు ఈ రెండు రకాల మందుల తయారీ, అమ్మకం నిషేధించింది.

క్లోరాంఫెనికాల్ పేరు వినగానే మా అత్తయ్య గారు గుర్తుపట్టారు. ఆవిడకి పెళ్లి కాకముందు టైఫాయిడ్ వస్తే ఆ గొట్టాలే మింగించారట, లేచి తిరిగారట. 1990 వచ్చేసరికి మన దేశంలో చాలాచోట్ల టైఫాయిడ్ దానికి లొంగడం మానేసింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, అదీ పోయింది. ఇప్పుడు టైఫాయిడ్ అంటే సెలైన్ పెట్టి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, లేదా అజిత్రోమైసిన్. నైట్రోఫ్యూరాన్ల కుటుంబంలోదే నైట్రోఫ్యూరంటాయిన్, ఆడవాళ్లకి మూత్రం ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్లు ఈ రోజుకీ రాసే మంచి మాత్ర. నేనూ వాడాను. అది ఇంకా పని చేస్తోంది, చేయాలనే నా కోరిక.

రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చింది. రెండు చెరువులూ నెగెటివ్. ఇంట్లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఆ కాగితం చదివిన కొద్దీ ఒక సంగతి కొరుకుడు పడలేదు. ఇందులో వెతికింది మందుని. ల్యాబ్ అమ్మాయి చూపించిన ప్లేటులో ఉన్నది మందు కాదు, మందుకి చావని బ్యాక్టీరియా. ఎవరైనా ఆక్సీటెట్రాసైక్లిన్ వేసి, గడువు ప్రకారం ముందుగా ఆపేస్తే రొయ్యలోంచి మందు పోతుంది, పరీక్ష పాస్ అవుతుంది, రొయ్య ఓడ ఎక్కుతుంది. బెల్జియంలోనో స్పెయిన్‌లోనో దాన్ని తినేవాళ్లకి ఆ మందు వల్ల ప్రమాదం లేదు. చెరువు నీళ్లలో, అడుగు మట్టిలో మిగిలిన ఆ మొండి విబ్రియోలు మాత్రం ఎక్కడికీ వెళ్లవు. పట్టుబడి రోజు తూము ఎత్తగానే డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి యనమదుర్రు అనే పెద్ద డ్రెయిన్‌లోకి. విబ్రియోలు మందుని తట్టుకునే జన్యువుల్ని తమలో తామే ఉంచుకోవు, పక్కింటావిడకి వంట చిట్కా చెప్పినంత తేలిగ్గా వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా ఇచ్చేస్తాయి. మన కడుపులో ఉండే ఈకోలైకి కూడా. ఆ డ్రెయిన్ పక్కనే మనుషులు గిన్నెలు తోముకుంటారు, గేదెల్ని కడుగుతారు.

ఈ మాటే ఎంపెడా ఆఫీసులో ఉన్న ఒకాయన్ని అడిగాను. పెద్దాయన, విసుక్కోకుండా విన్నారు. "అమ్మా, మా పరీక్ష ఎగుమతి కోసం. మీరు అడిగేది వేరే పరీక్ష. దానికి రైతు దగ్గర ఫీజు ఎవరూ వసూలు చేయలేరు" అన్నారు. నిజమే చెప్పారు. ఆ పరీక్ష కాగితం ఎవరూ కొనరు.

రెండు చెరువుల పట్టుబడీ రాత్రిపూట ఒకదాని తర్వాత ఒకటి జరిగింది. సొంత చెరువు 50 కౌంట్, అంటే కిలోకి యాభై రొయ్యల దగ్గరికి వచ్చింది. లీజు చెరువులో రొయ్య చిన్నగా 80 కౌంట్ దగ్గరే ఆగిపోయింది, బతికిన రొయ్య కూడా తక్కువే, మేత ఎక్కువ తినేసింది. నష్టమే. పరీక్ష కాగితం చూపిస్తే ఏజెంటు "మంచిదండి" అని ఫోటో తీసుకున్నాడు. కిలోకి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు. కాగితం లేకపోతే ఆ లోడుకి తీసుకోడు, ఉంటే అందరికీ ఇచ్చే రేటే. మాకు రెండు చెరువుల అవతల ఉన్న రైతు మా కంటే మంచి కౌంట్ తీశాడు. అతను ఏం వేశాడో నాకు తెలియదు, పలచగా సీడ్ వదిలాడన్నది మాత్రం తెలుసు. ఈసారి మేమూ పలచగానే వదిలాం. పోయినసారి ఒత్తుగా వదలమని సలహా ఇచ్చింది కూడా ఆ షాపు వాళ్లే, సీడ్ ఎక్కువైతే మేత ఎక్కువ, మేత ఎక్కువైతే బిల్లు ఎక్కువ.

లీజు చెరువు నీళ్లు మాత్రం వెంటనే వదలలేదు. వాడిన నీటిని శుద్ధి చేసే చెరువు మా లాంటి చిన్నవాళ్ల దగ్గర ఉండదు. తూములు బిగించి, బ్లీచింగ్ వేసి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి అప్పుడు డ్రెయిన్‌కి పెట్టాం. బ్లీచింగ్ ఖర్చు, చెరువు ఖాళీగా ఉన్నన్ని రోజుల లీజు, రెండూ మా నెత్తినే పడ్డాయి. యజమాని ఫోన్‌లో నవ్వాడు, "రొయ్య వెళ్లిపోయాక నీళ్లకి మందేంటమ్మా" అని. ఈ ఏడాది లీజు తిరగ రాసుకునేటప్పుడు ఆ బ్లీచింగ్ ఖర్చు ఇద్దరికీ చెరిసగం అని పత్రంలో రాయించాను. బేరం రెండు వారాలు నడిచింది కానీ సంతకం పెట్టాడు.